బ్రేకులో గాలి

మోటారు సైకిల్ ముందు చక్రం డిస్కు బ్రేకులో గాలి చేరితే, దాన్ని బయటికి పంపడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు హ్యాండిల్ దగ్గర నిలబడి బ్రేకు లీవరు నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, డిస్కును పట్టే క్యాలిపర్ మీద ఉండే చిన్న నిపుల్‌ని స్పానరుతో కాస్త వదులు చేయాలి. గాలి బుడగలూ పాత ఆయిలూ కలిసి సన్నటి గొట్టంలోంచి సీసాలోకి కారతాయి. నిపుల్ మళ్లీ బిగించాకే పైనున్న మనిషి లీవరు మీది వేళ్లు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి పోయి, చేసిందంతా మొదటికొస్తుంది. ఇందులో పెద్ద విద్య ఏమీ లేదు. కావలసిందల్లా ఓపికగా పట్టుకునే ఇంకో చెయ్యి.

మా ఇంట్లో ఆ ఇంకో చెయ్యి ఎప్పుడూ మా ఆవిడదే. ఈ బండి కొన్నప్పటి నుంచీ, ఏటా వానలు పట్టేముందు ఒక సెలవు రోజున నేను వాకిట్లో స్టాండు వేసి పిలిస్తే, కొంగు నడుముకు దోపుకుని వచ్చి నిలబడేది. ఒక చెయ్యి లీవరు మీద, ఇంకో చేతిలో కాఫీ గ్లాసు. నేను కింది నుంచి "నొక్కు, పట్టు" అనేవాణ్ణి. ఆమె పట్టేది. పట్టుకున్నంతసేపూ పక్కింటివాళ్ల సంగతులు చెప్పేది. నేను "బిగించినాను, తియ్" అన్నా వెంటనే తీసేది కాదు. వంగి, స్పానరు వైపు చూసి, నిజంగానే బిగించానని తేల్చుకుని అప్పుడు తీసేది. ఆమె నా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ నన్ను చూస్తోంది కాబట్టి నా మాట మీద ఆమాత్రం నమ్మకమే ఉంది.

ఈ ఏడాది పిలిస్తే రానంది.

కారణం మా అమ్మాయి. కెమిస్ట్రీ చదివి, మనలిలో ఒక రంగుల ఫ్యాక్టరీ లాబ్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. చేరిన కొత్తలో జనరల్ షిఫ్టు ఇచ్చారు, కంపెనీ వ్యాను వచ్చి ఎక్కించుకుపోయేది. ఇప్పుడు వచ్చే సోమవారం నుంచి ఉదయం షిఫ్టు అన్నారు. ఆరింటికల్లా గేటు లోపల ఉండాలి. ఆ వేళకు వ్యాను లేదు. బస్సు ఉంది గానీ అది వచ్చినప్పుడే ఉన్నట్టు. నేను చేసేదీ మనలిలోనే, ఇంకో కెమికల్ ప్లాంటులో, వాల్వుల రిపేరు పని. నా షిఫ్టులు వారానికొక రకం, ఈ మధ్య నన్ను కాంట్రాక్టరు వ్యాను తీసుకుపోతోంది. బండి ఎక్కువ రోజులు వాకిట్లోనే ఎండకు ఎండుతూ ఉంటుంది. "నైనా, నేను బండి తీసుకుపోతా" అంది. సరే అన్నాను. లైసెన్సు ఉంది, ధైర్యం ఉంది, బండి బాగానే తోలుతుంది. కాదనడానికి నాకేమీ కనిపించలేదు.

మేముండే తిరువొత్తియూరు నుంచి మనలి పోయే దారి తెలిసినవాళ్లకు మా ఆవిడ ఏమందో చెప్పనక్కర్లేదు. హార్బరుకు పోయే కంటైనర్ లారీలు రోడ్డు పొడవునా వరస కట్టి నిలబడి ఉంటాయి. నిలబడిన వాటితో బాధ లేదు, కదిలేవాటితోనే. ట్రైలరు మలుపు తిరిగేటప్పుడు దాని తోక ఎంత దూరం ఊడ్చుకుంటూ వస్తుందో తోలేవాడికే తెలియదు. రోడ్డు మీద ఇసుక, కారిన ఆయిల్, గుంటలు. నేను ఏళ్ల తరబడి ఆ దారిన పోయి వచ్చినవాణ్ణి గనక నాకు అదంతా రోజూ చూసే గోడలాగే అయిపోయింది.

"ఆ లారీల మధ్యలో పాప పోతాదా? నీకేమన్నా బుద్ధుందా బావా?" అంది మా ఆవిడ, అన్నం వడ్డిస్తూనే.

"ఆడ పని చేసే ఆడపిల్లలంతా స్కూటీల మీదనే గదా వస్తా ఉండారు."

"అందరి సంగతి నాకెందుకు? దీన్ని గదా నేను కనింది."

"అమ్మా, చుమ్మా ఇరు" అని అమ్మాయి విసుక్కుంది. ఊరుకో అని. మా అమ్మాయి నన్ను నైనా అని పిలుస్తుంది, ఆ పిలుపు తర్వాత వచ్చేదంతా తమిళం. ఎప్పుడన్నా ఏదైనా కావలసి వచ్చినప్పుడు నాలుగు తెలుగు ముక్కలు వాడుతుంది. ఆరోజు వాదన గెలవాలన్న పట్టుదలలో ఉంది, పూర్తిగా తమిళమే.

మా ఆవిడ గరిట కింద పెట్టింది. "పోయేది మీ ఇష్టం. నేను అడ్డం పడితే నిలిచేదానివా నువ్వు? కానీ నన్ను మాత్రం ఆ బండి కాడికి పిలవద్దు. బ్రేకు పట్టి ఇచ్చి, నా చేత్తో నేనే ఆ రోడ్డు మీదికి తోసినట్టు అవుతాది. నేను పట్టను" అంది.

అప్పటికి నేను రాత్రి షిఫ్టులు చేసి చేసి ఒళ్లు హూనమై ఉన్నాను. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ల మధ్య తీర్పు చెప్పే ఓపిక లేదు. నాకు కావలసిందల్లా శనివారం ఒక పూట కూర్చుని బ్రేకు సరిచేసి, తర్వాత కాళ్లు చాపుకుని పడుకోవడం. బ్రేకు బాగుంటే ఆవిడ కోపం అదే చల్లారుతుందని కూడా అనుకున్నాను. లీవరు అప్పటికే స్పాంజి నొక్కినట్టు మెత్తగా ఉంది. బండి నా చేతిలో ఉన్నన్నాళ్లూ ఆ మెత్తదనాన్ని సర్దుకుని తోలాను. అమ్మాయికి అట్లా ఇవ్వలేను.

శనివారం ఉదయం అమ్మాయినే పిలిచాను. ముందు ఆ నిపుల్ కదలలేదు. మా వీధిలో ఇనుము ఏదైనా అంతే. సముద్రపు గాలికి గేటు కీళ్లు, కిటికీ ఊచలు, బట్టల క్లిప్పుల స్ప్రింగులు, అన్నీ తుప్పు పట్టి తినేసినట్టు అవుతాయి. స్పానరు వేసి తిప్పితే నిపుల్ తల అంచులు అరిగి గుండ్రంగా అయిపోయింది. కరిచిపట్టే వైస్ గ్రిప్ పటకారు పెట్టి, కిరోసిన్ పోసి, దేవుళ్లందరినీ తలుచుకుని, కాసేపు తిట్టుకుని కూడా, చివరికి కదిలించాను.

"నొక్కు" అన్నాను. నొక్కింది. "పట్టు" అన్నాను. పట్టింది. నేను నిపుల్ తిప్పాను, బుడగలు వచ్చాయి. బిగించే లోపల "నైనా, విట్టుట్టేన్" అంది. వదిలేశాను అని.

"నేను చెప్పకుండా ఎందుకు తీస్తివి?"

"కై వలిక్కుదు నైనా."

చెయ్యి నొప్పి పుడుతోందట. మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అదే. ఫోను మోగితే ఒకసారి, చీమ కుట్టిందని ఒకసారి, ఏమీ లేకుండానే ఒకసారి. లోపలున్న గాలి పోకపోగా కొత్త గాలి చేరింది. నాకు చిర్రెత్తుకొచ్చి నాలుగు మాటలన్నాను. ఆమె మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది, పలకలేదు. ఆ పలకకపోవడం నాకు ఇంకా ఒళ్లు మండించింది. చేతులు కడుక్కుని, చొక్కా వేసుకుని, రైలెక్కాను.

పట్నంలో మోటారు సైకిల్ విడిభాగాల కోసమే ఒక వీధి ఉంది. అరిగిన నిపుల్‌ని జేబులో వేసుకుని పోయాను, దానికి సరిపడేది కొత్తది తెచ్చుకుందామని. కంపెనీ నిపుల్ అయిపోయిందన్నాడు కొట్టువాడు. దానికి బదులు ఒక ప్లాస్టిక్ కవరు తీసి నా ముందు పెట్టాడు. లోపల బంగారు రంగులో మెరిసిపోతూ ఒక నిపుల్. "ఇదు పుదుసు సార్. ఒరే ఆళ్ పోదుం" అన్నాడు. కొత్తరకం, ఒక్క మనిషి చాలు అని.

ఒక్క మనిషి చాలు. ఆ మాట విన్నాక నాకు వేరే ఏమీ వినిపించలేదు. నిపుల్ లోపల ఒక చిన్న గుండూ దాన్ని నెట్టే స్ప్రింగూ ఉంటాయట. లీవరు నొక్కితే ఆయిల్ గుండును తోసుకుని బయటికి పోతుంది. వదిలితే గుండు వెనక్కి వచ్చి దారి మూసేస్తుంది, గాలి లోపలికి రాదు. నిపుల్ వదులుగా పెట్టేసి, మన పాటికి మనం లీవరు నొక్కుతూ వదులుతూ ఉండొచ్చు. ఎవరినీ పిలవనక్కర్లేదు, ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ వాడికీ ఇంట్లో ఇట్లాంటి శనివారమే గడిచి ఉంటుందనుకున్నాను. పాతదాని మరలూ కొత్తదాని మరలూ పక్కపక్కన పెట్టి చూశాను. సరిపోయాయి. పొడవు చూడాలని నాకు తట్టలేదు.

ప్లాంటులో మేం వాడే ఒంటిదారి వాల్వులూ ఇట్లాంటివే, మనిషి నడుమంత లావువి. వాటి మీద మాకు ఒక కట్టుబాటు ఉంది. గొట్టం విప్పి పని చేసేటప్పుడు ఒంటిదారి వాల్వు మూసుకుంటుందిలే అని ఎవరూ చెయ్యి పెట్టకూడదు. పక్కన ఇంకో వాల్వు చేత్తో మూయాలి, ఇంకో మనిషి పక్కన నిలబడాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేది నేనే. చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయిన పాఠం. ఆ మధ్యాహ్నం రైల్లో కిటికీ పక్కన కూర్చుని ఆ ప్లాస్టిక్ కవరును తిప్పి తిప్పి చూస్తూ వచ్చినప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు. అలిసిపోయినవాడికి సులువుగా కనిపించేది ఏదైనా నిజమే అనిపిస్తుంది.

ఇంటికొచ్చి బిగించాను. గొట్టం తగిలించి, ఒంటరిగా, దర్జాగా లీవరు నొక్కడం మొదలుపెట్టాను. బుడగలు వచ్చాయి. ఇంకా వచ్చాయి. హ్యాండిల్ మీదుండే చిన్న ఆయిల్ డబ్బా నింపుతూనే ఉన్నాను, బుడగలు వస్తూనే ఉన్నాయి. వెన్ను పట్టేసింది. కాసేపటికి అర్థమైంది, అవి లోపలి గాలి కాదు. నిపుల్ వదులుగా ఉన్నప్పుడు దాని మరల సందుల్లోంచి బయటి గాలే లోపలికి పీల్చుకుంటోంది. మంచి రకానికి ఆ మరల మీద ఏదో పూత ఉంటుందంటారు. దీనికి ఉన్నదల్లా బంగారు రంగు.

మరల్లోంచి కారితే మా వాల్వు పనివాళ్ల చెయ్యి తనంతట తానే ఎక్కడికి పోతుందో చెప్తాను. టెఫ్లాన్ టేపు దగ్గరికి. ప్లాంటులో చిన్న కారుడు, ఇంట్లో కుళాయి, మేడ మీద ట్యాంకు, అన్నిటికీ మాకు అదే మందు. నా పనిసంచిలో ఎప్పుడూ ఒక చుట్ట ఉంటుంది. నిపుల్ విప్పి, మరల మీద తెల్లటి టేపు చుట్టి, మళ్లీ పెట్టాను. బుడగలు ఆగిపోయాయి. గొట్టంలో ఆయిల్ తేనెలా ఒకే ధారగా వచ్చింది. నిపుల్ బిగిస్తే చేతికి గట్టిగా తగిలింది. లీవరు రాయిలా అయింది. నాకు ఎంత గర్వం వచ్చిందంటే ఒక్కణ్ణే వాకిట్లో నిలబడి నవ్వుకున్నాను.

అమ్మాయిని పిలిస్తే కోపం మరిచిపోయి వచ్చింది. వీధి చివరిదాకా పోయి వచ్చి "సూపర్ నైనా" అంది. మా ఆవిడ గడపలో నిలబడి చూసింది.

"బ్రేకు బాగా పడతా ఉంది, చూసినావా?" అన్నాను ఆమెకు వినబడేట్టు.

"బాగుంటే సరి" అని లోపలికి పోయింది.

ఆదివారం ఉదయం పాలు తేవడానికి పోతూ, ఊరికే, దారిన పోయే పిల్లవాడి బుగ్గ గిల్లినట్టు లీవరును ఒకసారి నొక్కాను. అది మెల్లగా, ఏ తొందరా లేకుండా దిగిపోయి హ్యాండిల్‌కు తగిలింది. మళ్లీ నొక్కాను. మళ్లీ అంతే. పాల గిన్నె పక్కన పెట్టి వంగి చూశాను. నిపుల్ మీది రబ్బరు టోపీ తీస్తే దాన్నిండా ఆయిల్. అక్కడి నుంచి కారి, చక్రాన్ని పట్టే ఫోర్కు కింది భాగాన ఉన్న నల్లరంగును తినేసింది, రంగు పొక్కులు పొక్కులుగా లేచి ఉంది.

విప్పి, పాతదీ కొత్తదీ పక్కపక్కన రాయి మీద నిలబెట్టాను. అప్పుడు కనిపించింది. కొత్తదాని కొస పాతదానికంటే వెంట్రుకవాసి పొట్టి. నిపుల్ కొస లోపలి గుంటలో కూర్చుంటేనే దారి మూసుకుంటుంది. ఇది కూర్చోకముందే దీని తల పైన ఆనుకుపోయింది. నా చేతికి తగిలిన గట్టిదనం తలదీ, టేపుదీ. లోపల వెంట్రుకంత దారి తెరిచే ఉంది, అంత సన్నం గనకే నిన్న లీవరు గట్టిగా అనిపించింది. ఆయిల్‌ను ఆపుతున్నది ఆ చిన్న గుండూ స్ప్రింగూ మాత్రమే. ఆ గుండు ఉన్నదే నొక్కితే తెరుచుకోవడానికి. అంటే బ్రేకు ఎంత గట్టిగా నొక్కితే ఆయిల్ అంతగా బయటికి పోతుంది. లారీ ఎదురైనప్పుడు ఎవరైనా నొక్కేది గట్టిగానే.

వాకిట్లోనే గట్టు మీద కూర్చుండిపోయాను. ఎండ అప్పుడే మొదలైంది, మనలి వైపు నుంచి గంధకం వాసన వస్తోంది, పాలు తేలేదని లోపల కాఫీ ఆగిపోయింది. ఎవరైనా వచ్చి ఈ బండిని తోసుకుపోయి సముద్రంలో పడేస్తే బాగుండుననిపించింది. మెకానిక్ ఆదివారం కొట్టు తెరవడు. సోమవారం తెరిచేసరికి అమ్మాయి షిఫ్టు సగం అయిపోతుంది. పొద్దున్నే బండి ఇవ్వను అంటే, మొదటిరోజే షిఫ్టుకు రాలేదని ఆమెకు చెడ్డపేరు. ఇస్తే ఏమవుతుందో తలుచుకోవడానికే భయం వేసింది. మిగిలిన దారి ఒకటే. తల అరిగిన పాత నిపుల్‌నే మళ్లీ పెట్టాలి. దాని కొస బాగానే ఉంది, వైస్ గ్రిప్‌తో తిప్పుకోవచ్చు. కానీ దానికి ఇద్దరు కావాలి.

అమ్మాయి వచ్చి చూసి, నా మొహం చూసి, లీవరు దగ్గర నిలబడింది. "నేను పడతా నైనా" అంది తెలుగులోనే. టేపు పోగులన్నీ సూదితో ఏరి తీసి, పాత నిపుల్ పెట్టాను.

మా ఆవిడ అప్పటికి గడప పక్కన పీట వేసుకుని నెత్తళ్లు శుభ్రం చేస్తోంది. చేపల తలలు గిల్లి పక్కన పడేస్తూ, మా వైపు చూడనట్టు చూస్తోంది. నేను నొక్కమన్నాను, అమ్మాయి నొక్కింది. వైస్ గ్రిప్ జారింది. మళ్లీ పట్టుకుని తిప్పే లోపల అమ్మాయి వేళ్లు సడలాయి. గొట్టంలో వచ్చిన బుడగ వెనక్కి పోయింది. నేను ఈసారి తిట్టలేదు. తిట్టడానికి కూడా శక్తి లేదు. "మళ్లీ" అన్నాను. మళ్లీ జారింది.

పీట జరిగిన శబ్దం వినిపించింది. మా ఆవిడ లేచి వచ్చి అమ్మాయి భుజం పట్టి పక్కకు జరిపింది.

"లే. నీకు పట్టేది రాదు."

"అమ్మా, ఉన్ కై మీన్ వాసం" అని అమ్మాయి ముక్కు మూసుకుంది. ఆ చేతికి నిజంగానే చేపల వాసన. మా ఆవిడ చెయ్యి చీరకు తుడుచుకుని లీవరు పట్టుకుంది.

నేను కింది నుంచి తలెత్తి చూశాను. "పట్టనంటివే" అన్నాను, అనకూడని మాటే.

"రోడ్డు మీద పోవద్దన్నా గానీ, బ్రేకు లేకుండా పొమ్మన్నానా?" అంది. "నిన్న సాయంత్రం ఇదే బండి మీద గదా తోలించినావు నువ్వు. ఊ, కానీ."

పని సాగింది. ఆమె నొక్కి పట్టేది, నేను వైస్ గ్రిప్ రెండు చేతులతో తిప్పేవాణ్ణి. జారినా ఆమె వేళ్లు కదలలేదు. ఎప్పటిలా పక్కింటి సంగతులేవీ చెప్పలేదు. అమ్మాయి డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోస్తూ ఉంది. చెమట కళ్లలోకి కారి మండుతోంది. బుడగలు పెద్దవి వచ్చాయి, చిన్నవి వచ్చాయి, తర్వాత ఆవగింజలంతవి, తర్వాత ఆగిపోయాయి. బిగించాను. కొస లోపల గుంటలో కూర్చున్నప్పుడు చేతికి తెలిసే ఒక గట్టిదనం ఉంటుంది, మెత్తగా వచ్చి ఒక్కసారిగా ఆగిపోతుంది. నిన్న తగిలింది అది కాదని అప్పుడు తెలిసింది.

"తియ్" అన్నాను. ఆమె తీయలేదు. లీవరును ఇంకా గట్టిగా నొక్కి, దంతాలు బిగించి, నిపుల్ వైపే చూస్తూ నిలబడింది. చాలాసేపు. లీవరు దిగలేదు. నిపుల్ చుట్టూ తుడిచిన గుడ్డ పొడిగానే ఉంది. అప్పుడు తీసి, వేళ్లు నలుపుకుంది.

"నేను ఒక రౌండు పోయి చూసి వస్తా, ఆ రోడ్డు దాకా" అన్నాను.

"నువ్వు పోయొచ్చి బాగుందంటావు. నిన్నా అట్లనే అంటివి." అమ్మాయి వైపు తిరిగింది. "తియ్యి బండి. నేను వెనకాల ఎక్కతా."

మా ఆవిడ ఆ దారిన బస్సులో తప్ప పోయింది లేదు. బండి మీద ఎక్కితే సందు చివరిదాకా కూడా నా చొక్కా పిడికిట్లో పట్టుకుని కూర్చునే మనిషి. ఇప్పుడు నా హెల్మెట్ పెట్టుకుంది. అది ఆమెకు వదులై కళ్ల మీదికి జారుతోంది. అమ్మాయి నా వైపు చూసింది, వద్దని చెప్పమన్నట్టు. నేను చెప్పలేదు. వాళ్లిద్దరూ సందు మలుపు తిరిగారు.

అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఒకటి ఆ వాకిట్లో తెలిసింది. ఆ రోడ్డు నాకు మామూలు అని ఇన్నాళ్లూ అనుకున్నాను గదా, అది నేను బండి మీద ఉన్నప్పుడు. వాకిట్లో ఉన్నప్పుడు ఎట్లా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు. దూరంగా ట్రైలరు హారన్ మోగితే గేటు దాకా పోయి సందు మలుపు వైపు చూశాను. నిపుల్ బిగించిన చెయ్యి నాదే, అయినా బిగించానా అని నాకే అనుమానం. కొస అరిగి ఉంటే? లోపల టేపు పోగు ఏదైనా మిగిలి ఉంటే? పిల్లులు వచ్చి నెత్తళ్ల గిన్నె చుట్టూ తిరిగాయి, తరమాలని కూడా అనిపించలేదు. చేతులకున్న ఆయిల్ కడుక్కోలేదు. నేను షిఫ్టు నుంచి ఆలస్యంగా వచ్చిన రోజుల్లో మా ఆవిడ తలుపు తీస్తూనే ఎందుకు కయ్యిమనేదో, ఆ కోపం ఎక్కడ పుట్టేదో, నాకు అప్పుడు అర్థమైంది. అర్థమై ఏం చేయాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

బండి శబ్దం వినిపించింది. ఇద్దరూ వచ్చారు. అమ్మాయి మొహం పాలిపోయి ఉంది. మా ఆవిడ దిగి, హెల్మెట్ తీసి, నా చేతికిచ్చింది.

"ఏమైంది?"

"మలుపు కాడ ట్రైలరు ఒకటి అడ్డం వచ్చె. వాడు చూడలా. ఇది బ్రేకు పట్టె. నిలబడిపోయె బండి." చెయ్యి చాపి చూపించింది. "ఇంత దూరంలో దాని చక్రం. నా కన్నా ఎత్తు ఉంది బావా అది."

అమ్మాయి బండికి స్టాండు వేయడం మరిచిపోయి పట్టుకునే నిలబడింది.

"నిన్నటిదయ్యుంటే?" అంది మా ఆవిడ.

ఆమె జవాబు కోసం ఆగలేదు. గిన్నె దగ్గరికి పోయి, పిల్లుల్ని అదిలించి, పీట మీద కూర్చుని మిగిలిన నెత్తళ్లు తీసుకుంది. తల ఎత్తకుండానే అంది, "రేపు నేనూ ఎక్కతా. ఫ్యాక్టరీ గేటు కాడ దిగి బస్సులో వస్తా."

"అమ్మా! ఎల్లారుం సిరిప్పాంగ" అంది అమ్మాయి. అందరూ నవ్వుతారని.

"నవ్వనీ."

"ఎన్నాళ్లు పోతావు అట్ల?" అని నేను అడిగాను.

"నాకు విసుగొచ్చేదాకా."

సోమవారం తెల్లవారుజామున ఇద్దరూ బయలుదేరారు. అమ్మాయి ముందు, టిఫిన్ బాక్సు సంచి ఒళ్లో పెట్టుకుని మా ఆవిడ వెనక. బయలుదేరే ముందు నేను లీవరు నొక్కి పట్టాను, ఆమె నొక్కి పట్టింది, అమ్మాయి కూడా నొక్కి పట్టింది. ఆ వారమూ నాకు రాత్రి షిఫ్టే వేశారు, పగలంతా పడుకోవచ్చు. పడుకోలేదు. బాగా ఎండెక్కాక మా ఆవిడ బస్సు దిగి నడిచి వచ్చింది. చీర కింది అంచు నిండా దుమ్ము. నీళ్లు ఇస్తే నిలబడే తాగింది.

"ఆ రోడ్డు నేననుకున్నట్టు లేదు బావా" అంది.

"నేను చెప్పలా?"

"అంతకన్నా అధ్వానంగా ఉంది." గ్లాసు కింద పెట్టింది. "పాప బాగానే తోలతా ఉంది. భయం లేదు దానికి. అదే నాకు భయం."

చెప్పులు విప్పి నడవలో చాప మీద పడుకుంది, కళ్లు మూసుకోలేదు. నేనూ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇద్దరికీ నిద్ర కావాలి, ఇద్దరమూ అంత అలిసిపోయి ఉన్నాం. అయినా కాసేపటికి ఆమె లేచి తుడిచిన వాకిలే మళ్లీ తుడిచింది, నేను గేటు కీళ్లకు నూనె వేశాను. అమ్మాయి షిఫ్టు దిగి సందు మలుపు తిరిగేదాకా అట్లా ఏదో ఒక పని పెట్టుకుని ఇద్దరం వాకిట్లోనే ఉన్నాం.